సున్నం దాచింది, ఉలి చెరిపింది

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత చర్చిలను వేసవిలో చూడటం దండగని నా అభిప్రాయం. వేసవిలో వెళ్లినవాళ్లకు చర్చి కనబడదు, క్యాలెండర్ బొమ్మ కనబడుతుంది. గోడ మీద గులాబీ తీగ, సమాధుల మధ్య పూలు, ఎండకు తేనె రంగు తిరిగిన రాయి. ఆ అందంతో నాకేమీ పేచీ లేదు. కానీ ఒక కట్టడం ఎనిమిది వందల ఏళ్లు ఎలా నిలిచింది, ఇకముందు నిలుస్తుందా లేదా అని తెలుసుకోవాలంటే జనవరిలో వెళ్లాలి. అప్పుడు చెట్లకు ఆకులుండవు, నది గట్టు దాటి పచ్చికలోకి వచ్చి ఉంటుంది. చూరు కాలువ ఎక్కడ పూడిపోయిందో గోడ మీది నాచు చార చెప్పేస్తుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి సూర్యుడు నేలబారుకు దిగి, రాతి మీది ప్రతి గాటునూ, పొలంలోని ప్రతి మిట్టనూ విడివిడిగా చూపిస్తాడు.

ఇదంతా నేను విండ్‌రష్ లోయను చూసి అంటున్న మాట. కాట్స్‌వోల్డ్ కొండల్లో పుట్టి, బర్ఫర్డ్, విట్నీ ఊళ్ల మీదుగా పారి, న్యూబ్రిడ్జ్ దగ్గర థేమ్స్‌లో కలిసే చిన్న నది విండ్‌రష్. బర్ఫర్డ్ నుంచి విడ్‌ఫర్డ్ మీదుగా స్విన్‌బ్రూక్‌కు నడిస్తే నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త దూరంలో మూడు చర్చిలు తగులుతాయి. ఒకటి గొప్పది, ఒకటి వింతైనది, ఒకటి బీదది. వాటిలో నన్ను కదలనివ్వనిది ఆ బీద చర్చే. దాన్ని కాపాడింది భక్తి కాదు, కళాభిమానం కాదు. బాగుచేయడానికి ఎవరి చేతిలోనూ డబ్బు లేకపోవడమే దాన్ని కాపాడింది. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

ముందు బర్ఫర్డ్. మధ్యయుగంలో ఉన్ని వ్యాపారంతో బలిసిన ఊరు. ఆ సొమ్మంతా సెయింట్ జాన్ చర్చి గోపురంలోనూ, చుట్టూ కట్టిన చిన్న చిన్న ప్రార్థన గదుల్లోనూ కనిపిస్తుంది. చాలామంది ఆ గోపురాన్ని చూసి వెళ్లిపోతారు. చూడవలసింది బాప్తిస్మపు తొట్టి. దాని సీసపు పూత మీద ఒక పేరు గీసి ఉంటుంది: ఆంథొనీ సెడ్లీ, 1649, ఖైదీ. ఆ ఏడాది మే నెలలో, రాజును ఓడించిన పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సైన్యంలోనే తిరగబడిన లెవెలర్లను, అంటే సామాన్యులకూ సమాన హక్కులు కావాలన్న సైనికులను, దాదాపు 340 మందిని, ఈ చర్చిలో బంధించారు. మే 17న ముగ్గురిని ఆవరణలో నిలబెట్టి, మిగిలినవాళ్లు చూస్తుండగా కాల్చి చంపారు. తన వంతు వస్తుందో రాదో తెలియని మనిషి ఒకడు, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే తొట్టి మీద, గరుకు అక్షరాలతో, ఖైదీ అన్న మాటలో ఒక అక్షరం ఎగరగొట్టి మరీ పేరు గీశాడు. తరువాత వచ్చినవాళ్లెవరూ ఆ తొట్టిని నున్నగా సాపు చేయలేదు. చేసి ఉంటే ఆ మనిషి మనకు లేడు.

బర్ఫర్డ్‌లోనే ఇంకో సంగతి జరిగింది. 1876లో కవీ, అలంకరణ కళాకారుడూ అయిన విలియం మారిస్ థేమ్స్ ఒడ్డునున్న తన కెల్మ్‌స్కాట్ ఇంటి నుంచి బండిలో వెళ్తూ ఈ చర్చి దగ్గర ఆగాడు. లోపల మరమ్మతులు నడుస్తున్నాయి. వాటిని చూసి ఆయనకు ఒళ్లు మండింది. ఆ పనికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి జి. ఇ. స్ట్రీట్. ఇరవై ఏళ్ల ముందు మారిస్ పని నేర్చుకోవడానికి చేరింది ఆయన దగ్గరే. మారిస్ అభ్యంతరం చెబితే అక్కడి పాదిరి, "చర్చి నాది. నాకు తోస్తే ఇందులో తలకిందులుగా నిలబడతాను" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది, 1877లో, మారిస్ పాత కట్టడాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. దానికి ముద్దుపేరు 'గీకుడు వ్యతిరేక' సంఘం. ఎందుకు ఆ పేరు అన్నది విడ్‌ఫర్డ్ చేరితే గాని అర్థం కాదు.

ఊరు దాటి పచ్చిక బయళ్లలోకి దిగితే బురద. ఈ లోయలో శీతాకాలపు నడక అంటే సగం బురదతో వాదులాటే. నది ఎక్కడ ముగుస్తుందో, పొలం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. రెండింటిలోనూ ఒకే ఆకాశం కనిపిస్తుంటుంది. పొగ మంచు తేలిపోయాక, కొంచెం ఎత్తున, పొలం మధ్యలో, చుట్టూ ఇళ్లూ వీధీ ఏమీ లేకుండా ఒక చిన్న చర్చి కనిపిస్తుంది. అదే విడ్‌ఫర్డ్‌లోని సెయింట్ ఆస్వాల్డ్ చర్చి. దారి లేదు. గడ్డిలో మనుషులు నడిచి నడిచి పడిన జాడే దారి.

ఒకప్పుడు ఇక్కడ ఊరుండేది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు గడ్డి కింద మిట్టలూ పల్లాలూ తేలతాయి. ఇళ్ల పునాదులవి, నడిచిన వీధులవి. వేసవిలో ఏపుగా పెరిగిన గడ్డి ఆ మిట్టలను మింగేస్తుంది. జనవరిలో మంచు పట్టిన పల్లాలు తెల్లగా, ఎండ తగిలిన మిట్టలు పచ్చగా ఉండి, లేని ఊరి పటం నేల మీద గీసినట్టు కనిపిస్తుంది. పైగా 1844 దాకా ఈ ముక్క ఆక్స్‌ఫర్డ్‌షైర్ మధ్యలో ఉన్నా గ్లోస్టర్‌షైర్ కిందే లెక్క. గ్లోస్టర్‌లో సెయింట్ ఆస్వాల్డ్ పేరు మీదున్న మఠానికి ఈ భూమి చెందినది కావడమే కారణం. ఆస్వాల్డ్ నార్తంబ్రియా రాజు, 642లో యుద్ధంలో చనిపోయాడు. ఆయన అస్థికలను 909లో గ్లోస్టర్‌కు తరలించారు. మఠం పోయింది, ఊరు పోయింది, జిల్లా హద్దు మారింది, పేరు మాత్రం పొలం మధ్య మిగిలింది.

లోపల పట్టుమని యాభై మంది కూర్చోగలరేమో. 13వ శతాబ్దపు గోడలు. తలుపులు బిగించిన చెక్క పెట్టెల్లాంటి బల్లలు. కుటుంబమంతా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే చలిగాలి కాళ్లకు తగలదు. విక్టోరియా కాలంలో దేశమంతటా వీటిని పీకి పారేసి, ఒకే మూసలో చేసిన వార్నిష్ బెంచీలు వేశారు. ఇక్కడ ఎవరూ పీకలేదు. తూర్పున బలిపీఠం ఉండే చిన్న గదిలో, గోడల మీద 14వ శతాబ్దపు బొమ్మలు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా మరకల్లాగే ఉంటాయి. కాసేపటికి ఎర్రమట్టి రంగులో ఒక గీత భుజంగా మారుతుంది, ఇంకో గీత ఎముకగా తేలుతుంది. ముగ్గురు రాజులు, వాళ్లకు ఎదురుగా మూడు శవాలు. ఆ రోజుల్లో యూరప్ అంతటా చెప్పుకున్న కథ అది. దర్జాగా వెళ్తున్న రాజులకు చచ్చినవాళ్లు ఎదురై, మేమూ ఒకప్పుడు మీలాంటివాళ్లమే, మీరూ రేపు మాలాంటివాళ్లవుతారు అంటారు. ఇప్పుడు రాజులూ సగం చెరిగారు, శవాలూ సగం చెరిగాయి. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి కాస్త తంటాలు పడాలి. చిత్రకారుడు అనుకున్న దానికన్నా ఇప్పుడే ఆ కథ బాగా కుదిరిందని నాకనిపిస్తుంది.

వీటన్నిటికన్నా పాతది కాళ్ల కింద ఉంది. ఈ చర్చిని కట్టింది ఒక రోమన్ భవనపు శిథిలాల మీద. 1904లో మరమ్మతు చేస్తున్నప్పుడు చిన్న రంగురాళ్లు పేర్చిన రోమన్ నేల ఇక్కడే బయటపడింది. ఇక్కడికి కొద్ది దూరంలో, ఆస్టల్ దగ్గర, రోమన్ల ఏక్‌మన్ రహదారి నదిని దాటేది. కాబట్టి ఈ మిట్ట మీద వానకు తడవని చోటు కోసం మనుషులు వెతుక్కోవడం చర్చితో మొదలైన పని కాదు.

ఇప్పుడు సున్నం సంగతి. ఈ గోడ బొమ్మలు ఎలా మిగిలాయి? భక్తులు కాపాడితే కాదు. 1547లో ఆరవ ఎడ్వర్డ్ గద్దెనెక్కాక, చర్చిల్లో బొమ్మలు విగ్రహారాధన కిందికి వస్తాయని ప్రభుత్వం పట్టుబట్టింది. ఊరూరా గోడలకు వెల్ల కొట్టి, ఆ తెలుపు మీద బైబిల్ వాక్యాలు రాశారు. ఈ పని పైకం ఇచ్చి చేయించినవాళ్లలో ఒకరి పేరు మనకు బాగా తెలిసిన ఇంటిదే. స్ట్రాట్‌ఫర్డ్‌లో గిల్డ్ ప్రార్థనాలయంలోని బొమ్మలను చెరిపించడానికి రెండు షిల్లింగులు ఇచ్చినట్టు 1564 నాటి పట్టణ లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు రాయించింది జాన్ షేక్‌స్పియర్, నాటకకర్త తండ్రి. కానీ కూలివాళ్లు చేసింది చెరపడం కాదు, సున్నం పూయడం. 1804లో ఆ సున్నం కింద బొమ్మలు బయటపడ్డాయి. రెండు షిల్లింగులకు అంతకన్నా మంచి భద్రత ఎక్కడ దొరుకుతుంది?

ద్వేషంతో పూసిన సున్నం బొమ్మలను దాచిపెట్టింది. ఎండ తగలలేదు, చేతులు తగలలేదు, పొగ పట్టలేదు. ఆ తరువాత మూడు వందల ఏళ్లకు వచ్చినవాళ్లు చర్చిలను ద్వేషించేవాళ్లు కారు. పీకల్లోతు ప్రేమలో ఉన్నవాళ్లు. 1840 నుంచి 1875 లోపు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడు వేలకు పైగా ఊరి చర్చిలను వాళ్లు 'పునరుద్ధరించారు'. వాళ్ల దృష్టిలో సిసలైన మధ్యయుగపు గోడ అంటే రాయి కనిపించే గోడ. పూత అంతా తరువాతి కాలపు మురికి. కాబట్టి ఉలి పట్టుకుని గీకారు. నిజానికి మధ్యయుగంలో దాదాపు ఏ ఊరి చర్చి లోపలి గోడా బోసిగా ఉండేది కాదు. పూత పూసి, రంగు వేసి, బొమ్మలు రాసి ఉండేది. పాతదనాన్ని తిరిగి తెస్తామని బయలుదేరినవాళ్లు ఉన్న పాతదనాన్ని చెక్కులు చెక్కులుగా రాల్చి, చీపురుతో ఊడ్చి బయట పోశారు. మారిస్ సంఘానికి ఆ ముద్దుపేరు అందుకే వచ్చింది.

విడ్‌ఫర్డ్‌కు ఆ గండం తప్పింది. ఊరే లేనప్పుడు చందాలు ఎవరిస్తారు? చందాలు లేకపోతే లండన్ వాస్తుశిల్పి ఎందుకొస్తాడు? బీదరికాన్ని నేను పొగడటం లేదు. ఆ ఊళ్లో జనం ఏ కష్టం వచ్చి పోయారో వాళ్లకే తెలుసు. కానీ డబ్బున్న బర్ఫర్డ్‌లో మారిస్ కోపం తెచ్చుకోవలసి వచ్చింది. డబ్బు లేని విడ్‌ఫర్డ్‌లో రోమన్ నేల, మధ్యయుగపు గోడ, తరువాతి కాలపు చెక్క ఒకదాన్నొకటి తరుముకోకుండా ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అయితే పాత కట్టడాలను గాలికి వదిలేయమంటావా అని. అలా అనడం లేదు. వదిలేస్తే పడిపోతాయి. మారిస్ సంఘం తన ప్రకటనలో అడిగింది కూడా అది కాదు. కారే కప్పును బాగుచేయండి, ఒరిగే గోడకు ఊతం పెట్టండి, రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండండి, అంతకు మించి తెలివి ప్రదర్శించకండి అన్నారు. చాలామందికి ఇది చప్పటి కార్యక్రమం. ఫలకం మీద పేరు చెక్కించుకునే పని కాదు. చూరు కాలువలో కుళ్లిన ఆకులు తీసినవాడికి ఎవరూ సన్మానం చేయరు.

పాత చర్చి ఆరోగ్యమంతా నీటి లెక్క. కాట్స్‌వోల్డ్ సున్నపురాయి మెత్తనిది, నీళ్లు పీలుస్తుంది. రాళ్ల మధ్య పాతకాలపు సున్నపు గార ఇంకా మెత్తనిది. గోడ తాగిన తేమ ఆ గార గుండా బయటికి పోతుంది. గార అరిగితే మళ్లీ పూస్తారు; రాయి మిగులుతుంది. 20వ శతాబ్దంలో సిమెంటు వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది. ఒక చర్చి దక్షిణ గోడ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. పేరెందుకు లెండి. రాళ్ల మధ్య సిమెంటు గీతలు బూడిద రంగులో గట్టిగా, నిటారుగా, ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య రాళ్లు వేలి కణుపంత లోతుకు తినేసి ఉన్నాయి. అతుకు నిలిచింది, రాయి పోయింది. తేమకు సిమెంటులోంచి దారి దొరకక రాతిలోంచి వెళ్లింది. చలికి ఆ తేమ గడ్డకట్టి ఉబ్బి పొరలు పొరలుగా ఊడదీసింది. వేలితో తాకితే పిండిలా రాలింది. ఆ సిమెంటు పూసినవాడూ గోడ గట్టిగా ఉండాలనే పూసి ఉంటాడు.

చలి అన్నిచోట్లా శత్రువు కాదు. ఈ ప్రాంతపు పాత పైకప్పులకు వేసిన రాతి పలకలు చలి చేసి పెట్టినవే. పక్క లోయలోని స్టోన్స్‌ఫీల్డ్ ఊళ్లో గనుల నుంచి రాళ్లు తవ్వి, ఆరిపోకుండా మట్టి కప్పి ఉంచేవారు. గట్టి చలి పడే రాత్రి వస్తే చర్చి గంట మోగించేవారట. ఊరంతా దుప్పట్లు వదిలి వెళ్లి రాళ్ల మీది మట్టి తొలగించేది. లోపలి తేమ గడ్డకట్టి రాయి పొరలుగా చీలేది. తేలికపాటి శీతాకాలం వస్తే ఆ ఏడు పలకలు లేవు. 20వ శతాబ్దం మొదట్లో ఆ పని ఆగిపోయింది. అందుకే ఇప్పుడు పాత పలక ఒకటి జారిపడితే దాని బదులు దొరకడం గగనం.

లోపలి చలి గురించి కూడా ఒక మాట. ఈ చర్చిల్లో బయటికన్నా లోపలే ఎక్కువ చలిగా ఉంటుందని వచ్చినవాళ్లందరూ గొణుగుతారు. నేనూ గొణుగుతాను. అయినా గోడలకు ఆ చలే మేలు. వారమంతా చల్లగా ఉన్న గదిని ఆదివారం గంటన్నర పాటు వేడెక్కిస్తే, మనుషుల ఊపిరిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరు కారుతుంది. బొమ్మలున్న గోడకు అంతకన్నా కీడు లేదు. కాళ్లకు మందపాటి మేజోళ్లు వేసుకోవడం చవకైన పరిరక్షణ. గబ్బిలాలు కూడా ఈ కాలంలో నిద్రలో ఉంటాయి, బల్లల మీద రెట్ట పడదు. చట్టం వాటిని కాపాడుతుంది కాబట్టి వేసవిలో చర్చివాళ్లు చేయగలిగింది చాలావరకు తుడుచుకోవడమే.

విడ్‌ఫర్డ్ దాటితే స్విన్‌బ్రూక్. అక్కడ ఆ ఊరి భూస్వాములైన ఫెటిప్లేస్ వంశపు రాతి విగ్రహాలు ఆరు, రైల్లో స్లీపర్ బెర్తుల్లా మూడేసి అరల్లో పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద తల ఆన్చుకుని ఉంటాయి. 1613 నాటి ముగ్గురు కొయ్యబారినట్టుంటారు. 1686 నాటి ముగ్గురు కాస్త వెసులుబాటుగా ఉంటారు. వాళ్ల భవనం నామరూపాలు లేకుండా పోయింది, వంశమూ అంతరించింది. చర్చి ఆవరణలో, 20వ శతాబ్దంలో రాతలతోనూ రాజకీయాలతోనూ పేరుమోసిన మిట్‌ఫర్డ్ అక్కచెల్లెళ్ల సమాధులున్నాయి; వాటికోసం వచ్చేవాళ్లే ఎక్కువ. నాకు నచ్చినది అక్కడి గాజు. 1940లో దగ్గర్లో జర్మన్ బాంబు పేలి మధ్యయుగపు కిటికీ పగిలిపోయింది. ఆ ముక్కలను ఏరి, ఇంకో కిటికీలో అతికారు. అది ముక్కల కిటికీ అని దాచుకోదు. ఒక ముఖం, ఒక చెయ్యి, సగం అక్షరం, పక్కన సంబంధం లేని రంగు. పాత బొమ్మను ఊహించి కొత్తగా రాయించి ఉంటే 1940 అన్నది ఆ ఊరి కిటికీలోంచి మాయమయ్యేది.

డబ్బు మాట ఎత్తకుండా ఈ వాదన పూర్తి కాదు. ఇంగ్లండ్ చర్చి చేతిలో దాదాపు 16,000 చర్చి కట్టడాలున్నాయి. దేశంలో మొదటి శ్రేణిగా గుర్తించిన రక్షిత కట్టడాల్లో 45 శాతం దాకా ఇవే. వీటి మరమ్మతు భారం ప్రధానంగా ఆయా ఊళ్లలో ఆదివారం వచ్చే కొద్దిమంది మీదే పడుతుంది. 1955 నుంచి ఉన్న నియమం ప్రకారం ప్రతి చర్చినీ అయిదేళ్లకోసారి వాస్తుశిల్పో సర్వేయరో వచ్చి పరిశీలించాలి. రోగం రాసివ్వడానికి మనిషున్నాడు, మందు కొనే బాధ్యత ఊరిది.

అంతమంది వెళ్లని చోటికి ఇంత ఖర్చెందుకు, అమ్మేసి ఇళ్లుగా మార్చవచ్చు కదా అనేవాళ్లున్నారు. ఆదివారం హాజరును బట్టి కట్టడం విలువ కట్టడం నాకు అర్థం కాదు. నేను క్రైస్తవుణ్ని కాను, ఆ హాజరు పట్టీలో నా పేరు ఎప్పటికీ ఉండదు. అయినా పొలం మధ్య ఉన్న ఆ గదిలోకి వెళ్లి కూర్చుంటే నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇళ్లుగా మారితే ఆ రాజులూ శవాలూ ఎవరి పడకగది గోడ మీదో ఉంటాయి. రెండో వాదన తాళం వాదన: దొంగలు పడతారు, మూసి ఉంచడమే మేలు అని. చర్చిలకు బీమా చేసే ప్రధాన సంస్థే పగటివేళ తెరిచి ఉంచమని చెబుతూ వచ్చింది. నలుగురు వచ్చిపోయే చోట దొంగకు తీరిక దొరకదు. పైగా కప్పు కారుతోందని మొదట చూసేది కూడా ఆ వచ్చిపోయేవాళ్లే.

రక్షిత చర్చిల మరమ్మతు మీద పడే వ్యాట్‌ను, ఇప్పుడది 20 శాతం, 2001లో మొదలైన పథకం కింద ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. ఆ పథకాన్ని 2026 మార్చి దాకా మాత్రమే పొడిగిస్తూ, 2025 ఏప్రిల్‌లో దానికి ఏడాదికి ఒక్కో చర్చికి 25,000 పౌండ్ల పరిమితి పెట్టింది. అంటే 1,25,000 పౌండ్ల పని దాకా మాత్రమే పూర్తి వాపసు దొరికేది. చిన్న పనులు ఎప్పటికప్పుడు చేసుకునే చర్చికి ఆ పరిమితివల్ల పెద్దగా నష్టం రాలేదు. దశాబ్దాలుగా వాయిదా వేసి, చివరకు కప్పంతా దించవలసి వచ్చిన చర్చికే దెబ్బ తగిలింది. ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, తిట్టాలి కూడా. కానీ ఆ చర్చి కప్పు ఒక్క రోజులో కుళ్లలేదు. ముప్పై ఏళ్ల కింద నిచ్చెన ఎక్కేందుకు ఒక మనిషికి అరపూట కూలి ఇచ్చి ఉంటే సరిపోయే పని అది.

కాబట్టి విండ్‌రష్ లోయకు వెళ్తే, వాన పడే రోజునే వెళ్లండి. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు వేసుకోండి. నది పొంగి ఉంటే పచ్చిక దారి మానేసి రోడ్డు పట్టుకోండి. విడ్‌ఫర్డ్‌లో బొమ్మల కోసం లోపలికి పరుగెత్తకుండా ముందు గొడుగు కింద చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చూరు నుంచి నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. ఏ చర్చిలోనైనా గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకం ఉంటే, అందులో 'చాలా ప్రశాంతంగా ఉంది' అని అందరూ రాసిన వాక్యమే మళ్లీ రాయకండి. ఉత్తరం వైపు మూల కాలువ పూడింది, నీళ్లు గోడ మీదుగా కారుతున్నాయి, అని తేదీ వేసి రాయండి.